నానమ్మ విన్న మూలుగు

నెలలు నిండకుండా పుట్టిన మనవరాలిని చూడ్డానికి ఉరుకులు పరుగులతో వచ్చిన అత్తగారు, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఆసుపత్రివాళ్ళిచ్చిన గౌను తొడుక్కుని, పసిపిల్లల వార్డు గడప దాటి, పాప ఉన్న అద్దాల పెట్టె దగ్గరికి ఇంకా చేరకముందే గిరుక్కున వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం దగ్గర మనం ఆగాం. ఎందుకు వెళ్ళిపోయిందో కోడలికి తెలియదు. కొడుక్కీ తెలియదు. ఆ రోజు నుంచి ఆవిడ మళ్ళీ ఆ వార్డు ఛాయలకు రాలేదు. కమ్మటి భోజనం మాత్రం క్యారియర్‌లో వేళకు వచ్చేస్తోంది. "అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేకపోతోంది" అని కొడుకు చెప్పిందే చెబుతున్నాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు అయ్యుండి, ఆ ఆసుపత్రిలో రెండు లిఫ్టులు ఉన్నాయన్న సంగతి మరిచిపోయి మరీ ఆ అబద్ధం ఆడుతున్నాడంటే, అతనికి అబద్ధాలాడటం ఎంతమాత్రం చేతకాదని అర్థం.

కోడలు ఈత టీచరు. ఊళ్ళో పిల్లలందరికీ ఆమె 'టీచరు' గానే తెలుసు. కొలను గట్టు మీద ఈల మెడలో వేసుకుని నిలబడి ఆమె అందరికంటే ముందు నేర్పే పాఠం చేతులాడించడమూ కాదు, కాళ్ళాడించడమూ కాదు. మూతి నీళ్ళలో ముంచి బుడగలు ఊదడం. "గాలి పీల్చడం అందరికీ వచ్చురా, వదలడమే విద్య" అంటుండేది. ఆ మాట ఇంత దగ్గరగా తన ఇంట్లోకే నడిచి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఎందుకంటే ఇప్పుడామె రోజంతా చూస్తూ కూర్చునేది బుడగల్నే. పాప ముక్కులో రెండు బుల్లి గొట్టాలు ఉన్నాయి. వాటిలోకి వెచ్చటి తేమగాలి వస్తుంది. ఆ గాలి పాపను దాటి, ఇంకో గొట్టం గుండా వెళ్ళి, పక్కనున్న నీళ్ళసీసాలో బుడబుడమంటూ బయటపడుతుంది. మొదటి రోజు ఆ చప్పుడు వినలేక ఆమె చెవులు మూసుకుంది. ఇప్పుడు అది వినపడకపోతేనే నిద్ర పట్టేలా లేదు.

ఆ వార్డులో పిల్లలకు అసలు పేర్లు పెట్టేదాకా పెద్ద నర్సు పెట్టిందే పేరు. "పిలవడానికి ఏదో ఒకటి ఉండాలి కదమ్మా, పెట్టెల్ని పిలుస్తామా?" అంటుందామె. కిటికీ పక్కనున్న బుడ్డోడు మేజరు. వాడు ఏడిస్తే వార్డంతా లేచి నిలబడాల్సిందే. వాడి పక్కన మిరియం. టీచరు కూతురు గుప్పెడు.

ఆ ఉదయం గుప్పెడు ఒళ్ళు గులాబీ రంగుకు తిరిగింది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోవడం దాదాపు ఆగిపోయింది. పెద్ద నర్సు చిన్న సిరంజితో మందు వేస్తూ, "మీ అమ్మాయికి కాఫీ అయ్యింది, మీకింకా కాలేదు" అంది నవ్వుతూ. నిజానికి అది కాఫీలో ఉండే సరుకే. ఊపిరి తీసుకోవడం మరిచిపోకుండా మెదడును తట్టి లేపుతుందట.

"మరిచిపోవడమేంటక్కా, ఊపిరిని?" అని మొదట్లో అడిగింది టీచరు.

"మరి నెలల ముందే వచ్చేశారుగా మేడం గారు. అమ్మ కడుపులో ఆ పని తనకు లేదాయె. బయటికొచ్చాక గుర్తుంచుకోవాలంటే కష్టమే. నాకు ఇంటి తాళం చెవులే గుర్తుండవు" అంది పెద్ద నర్సు.

డాక్టరమ్మ రౌండ్సుకొచ్చి, ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది. గుండ్రటి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "భోజనాలయ్యాక ముక్కులో గొట్టాలు తీసి చూద్దామమ్మా" అంది. "తనంతట తాను ఉండగలిగితే ఉంటుంది. అలిసిపోతే మళ్ళీ పెడదాం. అలా పెట్టినా కంగారు పడొద్దు. ఓడిపోయినట్టేం కాదు."

టీచరు పెట్టెలోకి వంగి చూసింది. పుట్టిన దగ్గర్నుంచి కూతురి ముఖం ఆమె పూర్తిగా చూడనే లేదు. గొట్టాలూ, వాటిని పట్టి ఉంచే పట్టీలూ, బుగ్గల మీద టేపూ పోగా మిగిలింది రెండు మూసిన కళ్ళూ ఒక గడ్డమూ. ఇవాళ చూస్తుంది. ఇంత సంబరం ఎవరితో చెప్పుకోవాలి? భర్తకు ఫోన్ చేసింది.

"నేను రావడానికి ఆలస్యమవుతుంది" అన్నాడతను. వెనకాల ఎవరో ఇనుము మీద దబదబా కొడుతున్నారు. "కోర్టు భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంది. లోపల ఇద్దరు వకీళ్ళు. అదీ ఒకే కేసులో చెరో పక్క. ఇప్పటికే లోపల్నుంచి అరుపులు వినిపిస్తున్నాయి."

"గొట్టాలు తీస్తారట ఇవాళ!"

అవతల చప్పుడు ఆగింది. "నిజంగానా?" అన్నాడు. "వస్తున్నా. ఈ వకీళ్ళని ఎలాగోలా బయటికి లాగి వచ్చేస్తా. నువ్వు ఈలోగా తిను. క్యారియర్ కింద ఉంటుంది, నువ్వే దిగి తెచ్చుకో."

"కింద ఎవరి దగ్గర?"

"అదే... కిందే... మెట్ల దగ్గర" అని నీళ్ళు నమిలి, ఫోన్ పెట్టేశాడు.

టీచరు మెల్లగా మెట్లు దిగింది. కుట్లు ఇంకా లాగుతూనే ఉన్నాయి. కింది అంతస్తులో, మెట్ల మలుపు వెనకాల, మందుల దుకాణం గోడకు ఆనించి ఒక పొడవాటి చెక్కబల్ల ఉంది. దాని చివర ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో క్యారియర్. వేళ్ళు దాని మూత చుట్టూ కుట్టు వేస్తున్నట్టు ఆడుతున్నాయి. కళ్ళు మాత్రం పైకెళ్ళే మెట్ల మీద.

అత్తగారు.

టీచరు అక్కడే ఆగిపోయింది. గేటు దగ్గరుండే కాపలాదారు ఆమెను చూసి, "మీవాళ్ళామ్మా?" అన్నాడు. "పొద్దున వచ్చి కూర్చుంటారు, పొద్దుగూకితే గానీ లేవరు. రోజూ ఇంతే. పైకెళ్ళండమ్మా, నేనెవర్నీ ఆపడం లేదు అని నేనే చెప్పి చూశాను."

రోజూ! మోకాళ్ళ నొప్పులని ఇంట్లో పడుకున్న మనిషి, రోజూ ఈ బల్ల మీద!

ఆ అత్తగారిని ఎరిగినవాళ్ళెవరూ ఆ దృశ్యాన్ని నమ్మరు. ఆవిడ ఇంటి ముందుగదే కుట్టు దుకాణం. కొలతలు తీసుకునేలోపల మనిషి పుట్టుపూర్వోత్తరాలు రాబట్టగలదు. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకున్నప్పుడు తప్ప మాట ఆగదని కొడుకే వేళాకోళమాడేవాడు. మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, నడుం కొలత చెప్పేది. "నువ్వు నాతో ఇంచి అబద్ధం చెప్పినా గుడ్డ చెప్పదే" అని పెళ్ళైన కొత్తలో కోడల్ని ఆటపట్టించేది. అలాంటి మనిషి నోరు మూసుకుని బల్ల చివర కూర్చుంది.

"అత్తయ్యా" అంది టీచరు.

ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "నువ్వెందుకు దిగావే? పచ్చి ఒళ్ళు! వాడేడీ?"

"వాడి సంగతి సరే. మోకాళ్ళ నొప్పులన్నారు?"

"ఉన్నాయిలే" అంది ఆవిడ చూపు తప్పించి. "అన్నం చల్లారిపోతుంది, తీసుకుపో."

ఈ వారం రోజులుగా అణిచిపెట్టుకున్నదంతా టీచరు గొంతులోకి ఒక్కసారిగా ఎగదన్నింది. క్యారియర్ అందుకోలేదు.

"నాకు అన్నం వద్దు. నాకు జవాబు కావాలి. మీరు ఆ రోజు నా పిల్ల మొహం చూడకుండానే వెళ్ళిపోయారు. అక్కడున్న ప్రతి పిల్ల తలమీదా ఎవరో ఒకరు కుట్టిన టోపీ ఉంది. మిరియం తలకి ఎర్రది, మేజరుకి చారలది. ఊరందరికీ గౌన్లు కుట్టిపెట్టే నానమ్మ ఉండి కూడా నా పిల్ల ఆసుపత్రి గుడ్డ చుట్టుకుని పడుకుంది. పెద్ద నర్సు, 'వీళ్ళ నానమ్మ దర్జీ అన్నారు కదా' అంటే ఏం చెప్పాలో తెలీక నవ్వేశాను."

అత్తగారు క్యారియర్ బల్ల మీద పెట్టింది.

"నాకు తెలుసు మీ మనసులో ఏముందో. ఆరో నెల దాకా నీళ్ళలో దిగాను కదా. వద్దన్నా వినలేదు కదా. అందుకే పిల్ల ఇలా పుట్టిందని మీ ఉద్దేశం. అదేదో మొహం మీదే అనేయండి. బల్ల మీద కూర్చుని మనసులో తిట్టుకోవడం దేనికి?"

"ఏం మాటలే అవి!" అత్తగారు ఆమె భుజం పట్టుకుని బలవంతంగా బల్ల మీద కూర్చోబెట్టింది. "నిన్ను తిట్టుకోవడమా? నా నోరు పడిపోను, ఆ మాట అననే అనకు."

"మరేంటి?"

ఆవిడ పక్కనే కూర్చుని మెట్ల వైపు చూసింది.

"ఆ శబ్దం... ఇంకా చేస్తోందా పిల్ల?"

"ఏ శబ్దం?"

అత్తగారు అటూ ఇటూ చూసి, తల వంచుకుని, చాలా చిన్నగా అనుకరించింది. "ఊఁ... ఊఁ... ఊఁ..." ఒక్కో ఊపిరికీ చివర ఒక్కో చిన్న మూలుగు. ఎంత సరిగ్గా అనుకరించిందంటే టీచరు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పాప పుట్టిన పూట విన్నది అదే. గది మొత్తంలో ఆమె చెవిన పడింది ఆ ఒక్క చప్పుడే.

"మీరు గడప దగ్గర్నుంచే విన్నారా అది?"

"గడప దగ్గర వినడమేంటి తల్లీ" అంది అత్తగారు. "పెళ్ళైన రెండో ఏట నుంచీ వింటూనే ఉన్నాను."

ఎదురుగా మందుల దుకాణం కిటికీ దగ్గర ఎవరో చిల్లర కోసం గొడవపడుతున్నారు. అత్తగారు వాళ్ళ వైపే చూస్తూ మాట్లాడింది.

"నీ మొగుడికి ముందు నాకొక ఆడపిల్ల. ఇలాగే, తొందరపడి వచ్చేసింది. ఇంట్లోనే పురుడు. ఇంతే ఉంది" అని అరచెయ్యి చూపించింది. "ఏడవలేదు. పుట్టిన కాసేపటికి ఆ మూలుగు మొదలుపెట్టింది. ఊఁ, ఊఁ అని. అందరూ ఏమన్నారో తెలుసా? ఎంత బుద్ధిమంతురాలో, ఏడవకుండా తన జోల తానే పాడుకుంటోంది అన్నారు. నేనూ అలాగే అనుకున్నా. పక్కలో పడుకోబెట్టుకుని వింటూ మురిసిపోయా. మర్నాటికి మూలుగు తగ్గింది. హమ్మయ్య, పాప నిద్రపోయింది అనుకున్నా."

టీచరు ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది.

"మా ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కటే మాటన్నారు. కడుపుతో ఉండి కాలితో మిషను తొక్కితే పిల్ల కదిలిపోదా అని. ఎవరూ తిట్టలేదు. ఒక్కసారే అన్నారు, అంతే. మరీ కోపంగా కూడా అనలేదు. అందుకే నమ్మేశాను. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. వాడు పుట్టాక నేనూ నోరు కుట్టేసుకున్నాను. వాడికి తెలీదు. ఎవరికీ తెలీదు. మొన్న ఆ గదిలోకి వచ్చి ఆ మూలుగు వినగానే... ఏం జరగబోతోందో నాకు అంతా తెలిసిపోయినట్టే అనిపించింది. పైకొస్తే చూస్తాను. చూస్తే ఎత్తుకోవాలనిపిస్తుంది. టోపీ కుట్టానంటే..." ఆవిడ క్యారియర్ మూతను వేలితో తడిమింది. "ఆ పిల్లకీ ఒకటి కుట్టానే. ముందే కుట్టాను."

టీచరుకు తన కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. ఆవిడ ఈ బల్ల మీద కూర్చుని ఎదురుచూసింది దేనికోసమో అర్థమైంది. పైనుంచి కబురు మోసుకుంటూ ఎవరైనా దిగివస్తారేమోనని! మెట్ల మీద అడుగుల చప్పుడైనప్పుడల్లా ఈవిడ గుండె ఎన్నిసార్లు ఆగి ఉంటుందో!

"అత్తయ్యా, ఇటు చూడండి. ఆ మూలుగు ఆ పూటే ఆగిపోయింది."

అత్తగారు బిత్తరపోయి చూసింది.

"ఆగిపోయిందంటే అలా కాదు! తగ్గిపోయింది. మందేశారు. మీరు వెళ్ళిన కాసేపటికే." టీచరు బల్ల మీద ఇటు తిరిగి, కొత్త పిల్లలకు నీళ్ళంటే భయం పోగొట్టేటప్పటి గొంతుతో మొదలుపెట్టింది. "డాక్టరమ్మ నాకు బొమ్మ గీసి చెప్పింది. ఊపిరితిత్తుల్లో కంటికి కనపడనంత చిన్న చిన్న గాలి బుడగలుంటాయి, లెక్కలేనన్ని. లోపలంతా తడి. తడిసిన ప్లాస్టిక్ సంచి రెండు పక్కలూ ఎలా అతుక్కుపోతాయి?"

"గోళ్ళతో పీకినా రావు" అంది దర్జీ.

"అలా అతుక్కోకుండా లోపల సబ్బునురగ లాంటి పూత ఒకటి ఉంటుంది. ఆ పూత కడుపులో చివరి నెలల్లోనే సరిపడా తయారవుతుంది. ముందే పుట్టినవాళ్ళకి అది చాలదు. అందుకని ఊపిరి వదిలినప్పుడల్లా బుడగలు మూసుకుపోతాయి. మళ్ళీ పీల్చి తెరవాలంటే ప్రతిసారీ మొదటిసారంత కష్టం. అప్పుడు పిల్లలు ఏం చేస్తారంటే, గాలి మొత్తం వదలరు. గొంతు దగ్గర బిగబట్టి, కాస్త గాలి లోపలే అట్టిపెట్టుకుంటారు, బుడగలు మూసుకుపోకుండా. ఆ బిగబట్టిన గొంతులోంచి వచ్చే చప్పుడే మీరు విన్నది."

అత్తగారు తన గొంతు మీద వేళ్ళు ఆనించుకుంది.

"అంటే నొప్పితో మూలగడం కాదా?"

"కాదు. ఊపిరి నిలబెట్టుకోవడానికి పాప పడే తంటా. ఇప్పుడు మన పాప పక్కన, అక్కడంతా గుప్పెడు అంటార్లెండి, నీళ్ళసీసా ఒకటుంది, బుడగలొస్తుంటాయి. ఆ సీసా చేసే పనీ అదే. గాలి పూర్తిగా పోకుండా ఎదురు నెట్టి పట్టి ఉంచుతుంది. పాప గొంతుతో చేసుకునే పనిని ఇప్పుడు అది చేసిపెడుతోంది. ఆ పూత లాంటి మందు కూడా సన్న గొట్టంతో ఊపిరితిత్తుల్లోకి పోశారు. అందుకే ఇక పాప మూలగాల్సిన పని లేకపోయింది." టీచరు ఒక్క క్షణం ఆగి, "నా దగ్గరికొచ్చే పిల్లలకి ఊపిరి కొద్దికొద్దిగా వదలడం నేర్పేసరికి నా ఈల అరిగిపోతుంది. వీళ్ళు ఎవరూ చెప్పకుండానే పుట్టగానే చేసేస్తారు" అంది.

అత్తగారి ముఖం మీద ఏదో ముడి మెల్లగా వదులైంది. కళ్ళలో నీళ్ళు నిండి ఉన్నాయి గానీ, ఆ నీళ్ళ వెనక ఇంకేదో కదిలింది.

"అయితే నా పిల్ల తెలివైనదే" అంది. "అందరూ జోల అన్నారు. అది మాత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది."

"చాలా తెలివైనది, అత్తయ్యా."

ఇద్దరూ ఆ బల్ల మీదే క్యారియర్ విప్పుకుని, ఒకే మూతలో తిన్నారు. టీచరుకు అంత ఆకలి ఉందని తనకే తెలియదు. తినడం అయ్యాక అత్తగారు కొంగుతో మూతి తుడుచుకుని, లేచి, మెట్ల వైపు చూసి, "ఆ గౌనివ్వమను మళ్ళీ" అంది. "ఈసారి కాస్త నా కొలతకి సరిపోయేది. మొన్నటిదాన్లో ఇద్దరు దూరొచ్చు."

వార్డు గడప దగ్గర ఆవిడ అడుగు తడబడింది. టీచరు చెయ్యి అందించింది. లోపల బుడగల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఒక్కో పెట్టె దాటుతూ, మేజర్ని దాటి, మిరియాన్ని దాటి, గుప్పెడు ముందు నిలబడింది. తర్వాత అలవాటు కొద్దీ బొటనవేలూ చూపుడువేలూ చాచి, అద్దం బయటి నుంచే తల కొలిచింది.

"నా గుప్పిట్లో పడుతుంది" అంది.

"అందుకే ఆ పేరు" అంది వెనకనుంచి పెద్ద నర్సు. "మీరేనా దర్జీ నానమ్మ? మీకోసమే చూస్తున్నాం. ఇక్కడ టోపీలన్నీ చెవుల మీదికి జారిపోతున్నాయి."

డాక్టరమ్మ వచ్చింది. గొట్టాలు తీసేముందు చేతులకు మందు రాసుకుంటుంటే, అత్తగారు ఒక్క అడుగు ముందుకు వేసింది. ఇన్నేళ్ళూ ఎవర్నీ అడగలేకపోయిన ప్రశ్న అది. అడిగితే వచ్చే జవాబుకి భయపడి అడగనిది.

"డాక్టరమ్మా, నాకో సంగతి చెప్పండి. కడుపుతో ఉండగా కాలితో కుట్టుమిషను తొక్కితే... పిల్లకి ఇలా ఊపిరి అందకుండా పోతుందా?"

డాక్టరమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. ఈ ప్రశ్న ఈ పాప గురించి కాదని ఆమెకు అర్థమైనట్టుంది. కళ్ళద్దాలు తీసి పట్టుకుంది.

"మీరడుగుతున్న పాపను నేను చూడలేదు కాబట్టి అంతా నాకు తెలుసని చెప్పనమ్మా. కానీ ఇది మాత్రం గట్టిగా చెప్పగలను. మిషను తొక్కితే ఊపిరితిత్తులు పాడవవు. అవి ఇంకా తయారవుతుండగానే పాప వచ్చేసింది, అంతే. ముందే ఎందుకొచ్చేసిందో చాలాసార్లు మాకూ తెలియదు. అమ్మ ఏదో చేసిందనుకోవడం మాత్రం తప్పు. ఈవిడకీ అదే చెప్పాను" అని టీచరు వైపు తల ఊపింది. "ఈత వల్ల కాదు అని. నమ్మారో లేదో."

"ఇవాళ నమ్మాను" అంది టీచరు.

అత్తగారు తల ఊపింది. ఊపుతూనే ఉంది. పెద్ద నర్సు ఏమీ అనకుండా ఒక స్టూలు తెచ్చి ఆవిడ వెనకాల పెట్టింది.

తరవాత పని అంతా నెమ్మదిగా, హడావుడి లేకుండా జరిగింది. పెద్ద నర్సు బుగ్గల మీది టేపును నూనె అద్ది వదులు చేసింది. డాక్టరమ్మ పట్టీలు విప్పి, గొట్టాలను ముక్కులోంచి మెత్తగా బయటికి తీసింది. నీళ్ళసీసాలో బుడగలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి టీచరు చెవులు గింగురుమన్నాయి. మరుక్షణం పాపను ఎత్తి, వాలుకుర్చీలో కూర్చున్న ఆమె ఛాతీ మీద, చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పారు. గుప్పెడు చిట్టి పాదం ఒకటి దుప్పటి కిందనుంచి బయటికొచ్చింది.

ఒక ఊపిరి. ఇంకొకటి. టీచరు తనకు తెలియకుండానే పాపతో పాటు ఊపిరి తీస్తోంది. ఆ బుజ్జి ఛాతీ తన ఛాతీ మీద లేస్తూ పడుతూ ఉంటే, కొలనులో వెల్లకిలా తేలుతున్నట్టు ఉంది ఆమెకు. ఒళ్ళంతా తేలిపోతోంది.

అప్పుడు ఆగింది.

లేచిన ఛాతీ పడింది, మళ్ళీ లేవలేదు. పక్కనున్న మిషను టింగు టింగుమంది. అత్తగారు స్టూలు మీదనుంచి లేచిన తీరుకి స్టూలు కింద పడింది.

"కంగారు లేదు" అంది పెద్ద నర్సు. అప్పటికే పాప పక్కన ఉంది. చెయ్యి పాప వీపు వెనక సిద్ధంగా ఉంది, కళ్ళు ముఖం మీదే ఉన్నాయి. "మరిచిపోయింది. గుర్తు చెయ్యాలి, అంతే. నానమ్మా, పాదం మీ దగ్గరే ఉంది. అరికాలు రుద్దండి. గట్టిగానే, ఏం కాదు."

అత్తగారు వంగింది. గుడ్డలోని మడత వేలితో సరిచేసినట్టు, ఆ అరికాలిని మడమ నుంచి వేళ్ళ దాకా బొటనవేలితో రుద్దింది. "ఒసేయ్ పిల్లా" అంది. గొంతు వణకలేదు. "పనిలో ఉన్నప్పుడు పక్క చూపులు చూడకూడదే. ఊఁ. కానీ."

గుప్పెడు ముఖం చిట్లించింది. కాలు ముడుచుకుంది. ఆ తరవాత, పెద్ద మనిషి ఎవరో విసుక్కున్నట్టు, పొడుగ్గా ఒక ఊపిరి లాగింది. దాని వెంట ఇంకొకటి. మిషను నోరు మూసుకుంది.

"చూశారా, ఇంతే" అంది డాక్టరమ్మ. ఆమె పాప దగ్గర్నుంచి కదల్లేదు. "ఈ వయసులో ఇలా అప్పుడప్పుడూ ఆగుతారు. మరీ తరచుగా ఆగినా, అలిసిపోయినా సీసా ఇక్కడే ఉంది, మళ్ళీ పెట్టేస్తాం. నెలలు నిండేకొద్దీ ఈ మరుపు పోతుంది. ఇప్పటికి మాత్రం బాగా చేస్తోంది."

"వాళ్ళ తాతయ్యా అంతేనండీ" అంది అత్తగారు, పాదం వదలకుండానే. "గుర్తు చేస్తే గానీ ఏ పనీ చేసేవాడు కాదు. గుర్తు చేస్తే మాత్రం ఎంత పనైనా చేసేవాడు."

పెద్ద నర్సు నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. టీచరు నవ్వితే కుట్లు లాగాయి, అయినా నవ్వింది. నవ్వుకు పాప ఆమె గుండెల మీద చిన్నగా ఊగింది. ఊగుతూ ఊపిరి తీస్తూనే ఉంది. మిరియం వాళ్ళమ్మ అవతలి కుర్చీలోంచి మెడ సాచి, "గొట్టాలు తీసేశారా? అబ్బ, ఎంత బావుందో!" అంది. కిటికీలోంచి ఎండ వచ్చి నేల మీద చతురస్రంగా పరుచుకుంది. ఆ క్షణాన టీచరుకు ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

అప్పటిదాకా పాదాన్నే చూస్తున్న అత్తగారు, మెల్లగా తలెత్తి పాప ముఖం చూసింది. టేపుల ముద్రలు బుగ్గల మీద ఎర్రగా ఉన్నాయి. పెదవులు సున్నాలా చుట్టుకుని ఉన్నాయి. వాటి పైన, మొదటిసారిగా ఏ అడ్డూ లేకుండా, చివర కాస్త పైకి లేచిన బుల్లి ముక్కు.

ఆవిడ వేలు పాదం మీద ఆగిపోయింది.

"అయ్యో" అంది, ఎవరితోనో ఏకాంతంగా మాట్లాడుతున్నట్టు. ఆ గొంతులో భయం లేదు. ఎప్పుడో తప్పిపోయిన మనిషి వీధి మలుపులో ఎదురైతే వచ్చే గొంతు అది. "అచ్చం ఆ పిల్ల ముక్కే! ఇలాగే, చివర ఇలా లేచి... నేను కన్న నా మొదటి పిల్ల ముక్కే ఇది."

"ఏ పిల్లమ్మా?"

అందరూ తిరిగి చూశారు. గడప లోపల, తొందరలో గౌను తిరగేసి తొడుక్కుని, తడి చేతులు గాల్లోకి ఎత్తి పట్టుకుని లిఫ్టు మెకానిక్కు నిలబడి ఉన్నాడు. కూతురి ముఖం మొదటిసారి చూడాలని పరుగెత్తుకు వచ్చినవాడు, కూతుర్ని చూడటం లేదు. తల్లినే చూస్తున్నాడు.

"నీ మొదటి పిల్లాడిని నేను కదా" అన్నాడు.

అత్తగారు కోడలి వైపు చూసింది. ఇన్నేళ్ళు కుట్టి ఉంచిన నోరు ఇవాళ ఒకసారి విప్పింది. రెండోసారి విప్పగలదా? ఆవిడ చెయ్యి ఇంకా ఆ చిట్టి పాదం మీదే ఉంది, దాని కింద ఊపిరి సన్నగా, నిలకడగా నడుస్తోంది.

టీచరు పాప వీపు మీద అరచెయ్యి ఆనించి, కింద పడి ఉన్న స్టూలును కళ్ళతో చూపించింది.

"అది లేపి, ఇక్కడ వేసుకుని కూర్చో" అంది భర్తతో. "ముందు నీ కూతుర్ని చూడు. తరవాత మీ అమ్మ నీకు మీ అక్క సంగతి చెప్తుంది."